క్లెమెంటన్న ఎడిటరు

నిన్నట్నుంచి ఫోన్ చేస్తా ఉండాను కదక్కా, ఒక్కసారన్నా ఎత్తకూడదా? రింగవుతాది, రింగవుతాది, ఆగిపోతాది. నంబరేమన్నా మారిందేమో అనుకున్నా. నేనే చేస్తా ఉండానని తెలిసి ఎత్తలేదా?

సరేలే. కోపముండాది. ఉండదా మరి!

లోపలికి రావచ్చా? చెప్పులు ఇక్కడే విడుస్తా. యప్పా, ఏం గాలక్కా మీ కోరమండల్‌లో! బస్సు దిగి ఈ లైన్ ఇండ్లదాకా వచ్చేలోపల ఆ బంగారు గనుల దిబ్బల దుమ్మంతా నా మొగం మీదే.

క్లెమెంటన్న లేడా? రాబర్ట్‌సన్‌పేటకా? ఆంథోనీ బండి మీదనా? ఆ, ఆదివారం కదా. చర్చి అయినాక అన్నా తమ్ముడూ మటన్ తెచ్చేదానికి పోతారు, నాకు తెలుసు.

అంటే... ఎప్పుడో ఆఫీసులో మాటల్లో చెప్పినాడులే అన్న.

పెద్ద పనేం లేదక్కా. ఆఫీసు లాప్‌టాప్ మీ ఇంట్లో ఉండాది కదా, దాంట్లో చిన్న సెట్టింగు ఒకటి మార్చాల. ఐదు నిమిషాలు. దానికోసం అన్న వచ్చేదాకా కూర్చోవాల్సిన పన్లే. నువ్వు తెచ్చిస్తే మార్చేసి, వచ్చిన బస్సుకే పోతా.

ఏమక్కా అట్ల చూస్తావు? నేను నేత్రావతినే. మీ పెండ్లిరోజుకు కేకు తెచ్చినానే, ఆ సుగటూరు పిల్లనే.

తెస్తావా? మంచిదక్కా.

ఇట్ల పెట్టు, ఈ స్టూలు మీద. నువ్వూ కూర్చోక్కా, ఎందుకు నిలబడతావు? ఇది ఆన్ అయ్యేదానికి శానా సేపు పడతాది, పాతదయిపోయింది.

అన్న నీకేం చెప్పినాడో నాకు తెలీదు. ఏం చెప్పలేదా? 'మూర్తి సార్ ఇంటికి పొమ్మన్నాడు' అని అంతేనా?

అంతేనా చెప్పినాడు!

నేను చెప్తా విను. నీకు తెలియాల కదా. మా ఆఫీసులో చేసేది పాల డైరీల సాఫ్ట్‌వేరు. ఊర్లల్లో ఆడోళ్ళు పాలు తెచ్చి పోస్తారు చూడు, మిషన్ తూకం పట్టి, వెన్న శాతం చూసి, స్లిప్పు కొడతాది. ఆ మిషన్‌కు బుద్ధి చెప్పేది మేము. అన్నా, నేను, ఇంగ కొంతమంది. తమక ఊర్లో ఆ పెయింటంగడి పైన మెట్లెక్కితే మా ఆఫీసు. నువ్వు ఒకసారి అన్నను విడిచిపెట్టేదానికి వచ్చినావే.

ప్రోగ్రాము రాసేదానికి ఎడిటరని ఒకటుంటాది. ఏంలేదు, నీ వంటిల్లు మాదిరి అనుకో. ఉప్పు యాడుండాది, చింతపండు యాడుండాది అని నువ్వు చూసి తీస్తావా? చెయ్యే పోతాది. అన్నకు పాత ఎడిటరు అట్లాంటిది. చూపు కొంచెం కొంచెం తగ్గతా వచ్చినప్పుడే ఒక్కొక్క పనికీ ఒక్కొక్క కీ పెట్టుకున్నాడు. చూపు మొత్తంగా పోయేటప్పటికి అంతా ఆయన వేళ్ళకొచ్చేసింది. చెవిలో ఇయర్‌ఫోను, దాంట్లో తెర మీద ఉండేదంతా చదివి చెప్పే గొంతు. ఎంత స్పీడక్కా అది! ఒకసారి నేనూ పెట్టుకుని విన్నా. నూనెలో ఆవాలు చిటపటమన్నట్ల వినబడింది, ఒక్క మాట అర్థం కాలే. అన్న నవ్వినాడు.

నాకు పని నేర్పించిందే అన్న. కాలేజీలో ఏం నేర్పినారో, ఆఫీసుకొచ్చిన కొత్తల్లో ఏం చేసినా తప్పే. మూర్తి సార్ తిడితే సీట్లో కూర్చుని ఏడ్చినా. అన్నకు కనబడదు కదా అనుకున్నా. పక్క సీట్లోనుంచి 'ఏడిస్తే ఏడువు పాపా, కీబోర్డు మీద మాత్రం వద్దు, సారు కొత్తది కొనిచ్చేవాడు కాదు' అన్నాడు. ఏడుస్తానే నవ్వేసినా.

అట్లాంటి మనిషి. మరి ఆయనకు నేను...

ఉండు, పాస్‌వర్డు అడగతా ఉండాది. ఆఫీసుదే కదా, నాకు తెలుసు.

యాడ ఆపినా? ఆ, మూర్తి సార్. సారుకు ఎవరో బెంగళూరులో చెప్పినారంట, కొత్త ఎడిటరొకటి ఉండాది, సగం పని అదే చేసేస్తాది అని. వచ్చినాడు, అందరూ దానికి మారాల అన్నాడు. 'నేత్రావతీ, ఆ పని నువ్వు చూసుకో. సోమవారానికి ఆఫీసులో అన్ని కంప్యూటర్ మిషన్లూ ఒకే మాదిరి కనబడాల. ఇది బాగా చేస్తే టీమ్ లీడ్ నువ్వే' అన్నాడు, అందరి ముందరా.

ఎంత సంతోషమయిందో చెప్పలేనక్కా. మా యింట్లో ఆవులు, పట్టుపురుగులు తప్ప ఎవురూ దేనికీ లీడయింది లేదు.

ఇష్టంగా చేసినా. అబద్ధమెందుకు! కొత్త ఎడిటరు పెట్టుకునేది కొత్తింటికి సున్నం కొట్టుకున్నట్లే. అక్షరాలు ఇంత పెద్దవా, అంత చిన్నవా? వెనక నలుపు ఉండాల్నా, ముదురు నీలమా? తప్పొస్తే ఎర్రగీత రావాల్నా, పసుపా? కామెంట్లకు, అంటే ప్రోగ్రాము మధ్యలో మాకోసం రాసుకునే మాటలకు, మా యింటి పట్టుగూడు రంగు పెట్టినా, చూసేదానికి ఎంత చల్లగా ఉండాదో. పాత ఎడిటర్లో మాకలవాటైన కీలన్నీ దీంట్లో మళ్ళీ కూర్చోబెట్టినా. ఒక్కొక్క మిషన్‌కూ పోయి పెట్టినా. అందరూ బాగుందన్నారు.

అన్న మిషన్‌లో ఆఖర్న పెట్టినా. శనివారం సాయంత్రం. అన్నీ సరిగ్గానే పెట్టినా అక్కా. ఆ కొత్త ఎడిటర్లోనే ఏదో లోపం. గొంతుతో దానికి పడలే. అంతే. సారుకూ అదే చెప్పినా.

సోమవారం అన్న వచ్చి కూర్చుంటే గొంతు ఒకటే మాట చెప్తా ఉండాదంట, 'ఎడిటరు చదివేదానికి వీల్లేదు' అని. ఏ లైను మీదికి పోయినా అదే మాట. నన్ను పిలిచి 'పాపా, ఇదేందో చూడు' అన్నాడు. నేను అప్పుడు సారుతో మాట్లాడతా ఉండాను. 'కొత్తది కదన్నా, రెండ్రోజులుంటే అలవాటవుతాది' అన్నా.

అలవాటవుతాదంట! ఆయనేమో మళ్ళీ అడగలే. ఆయన సంగతి నీకు తెలీదా, ఒకసారి అడిగి లేదనిపించుకుంటే రెండోసారి అడగడు. ఉత్త నోట్‌ప్యాడ్‌లో రాసుకుని, దాన్ని తీసి కొత్త ఎడిటర్లో అతికించి, అట్లే పంపించేసినాడు. అతికిచ్చేటప్పుడు కింద రెండు లైన్లు రాలే. చదివి చూసుకునేదానికి గొంతు లేదు కదా.

ఆ ప్రోగ్రాము పోయింది యాడికనుకున్నావు? మా సుగటూరు డైరీకే.

మర్నాడు పొద్దున్నే అందరూ పాలు తెచ్చి లైన్లో నిలబడితే మిషన్ అట్లే ఆగిపోయింది. సెక్రెటరీ బచ్చప్ప, స్లిప్పు రాకుండా పాలు పోయించుకోనని కూర్చున్నాడు. ఎండెక్కింది. వ్యాను వెళ్ళిపోయింది. క్యాన్లల్లో పాలన్నీ విరిగిపాయ. మా యమ్మ చిన్నవెంకటమ్మ, డైరీ ముందర కాలవలో క్యాను వంచేసి, ఖాళీ క్యాను ఎత్తుకుని ఇంటికొచ్చింది.  నేను చేసే పని అదేనని ఆమెకు తెలుసు కదా, నా మొగం చూసి లోపలికి పోయింది.

బచ్చప్ప మా ఆఫీసుకొచ్చి గొంతు పోయేటట్ల అరిచినాడు. మూర్తి సార్ ఆయన ముందరే అన్నను పిలిచి, 'చూపు లేకపోతే లేదని చెప్పాల, ఊర్లో వాళ్ళ పాలతో ఆడుకోవద్దు. కొన్నాళ్ళు ఇంట్లో ఉండు' అన్నాడు. అన్న లేచినాడు. లాప్‌టాపు బ్యాగులో పెట్టుకున్నాడు. మడత కర్ర తెరిచినాడు. నా సీటు పక్కనే పోవాల కదా తలుపుకు.

నేను తెర చూస్తా కూర్చున్నా.

నీళ్ళిస్తావా అక్కా?  లేకపోతే వద్దులే, పని అయిపోనీ.

ఇదో, వచ్చేసింది. ఎడిటరు తెరుస్తా. ఒకటే లైను, మార్చేస్తే...

అమ్మా! ఇదేంది, మాట్లాడతా ఉండాది!

ఇయర్‌ఫోను లేదు, అందుకే బయటికి వినబడతా ఉండాది... అదిగాదక్కా, ఇది మాట్లాడకూడదు. కింది లైనుకు పోతే... చదవతా ఉండాది. పైకి పోతే... చదవతా ఉండాది. అన్నీ చక్కగా చదవతా ఉండాది కదా!

సెట్టింగు చూస్తా ఉండు. నేను... అది ఆఫ్‌లో ఉండాల. ఆన్‌లో ఉండాది.

ఎవరు చేసినారక్కా ఇది? ఎవరన్నా ఇంటికొచ్చినారా?

అన్నేనా?

ఎప్పుడు? ఇంటికొచ్చిన రోజే!

అయ్యో. ఆ మాట ఆఖరిదాకా విన్నాడా! ఆఫీసులో ఉన్నప్పుడు ఆయనకు తొందర. మొదటి రెండు మాటలు వింటానే కీ కొట్టేసి ముందుకు పోతాడు. ఇంట్లో నిదానంగా చివరిదాకా వినుంటాడు. చివర్న అదే చెప్తాది అక్కా, 'దీన్ని ఆపి పెట్టినారు, కావాలంటే ఈ కీలు నొక్కు' అని. నొక్కినాడు. మాట్లాడింది.

చూడు, తన కీలన్నీ ఎంత వరసగా పెట్టుకున్నాడో. ఇది ఫైలు మార్చేదానికి, ఇది తప్పులకాడికి పొయ్యేదానికి. పాతదాంట్లో యాడుండేవో అన్నీ ఆడాడే. నేను శనివారం సాయంత్రం చేయాల్సిన పని, ఒక్కడే కూర్చుని చేసుకున్నాడు. నేను పెట్టిన రంగులు మాత్రం అట్లే ఉండాయి, పట్టుగూడు రంగు. అవి ఆయనకు ఉంటే ఏమి, లేకపోతే ఏమి!

అంటే అన్నకు తెలుసు.

నీకూ తెలుసా? నేను వాకిట్లోకి వచ్చినప్పట్నుంచీ తెలుసా? తెలిసే నాతో ఇదంతా చెప్పించినావా? 'ఎడిటర్లోనే లోపం' అని నేనంటా ఉంటే కూడా ఊరికే విన్నావా!

ఏమన్నాడక్కా అన్న? చెప్పు, పరవాలే.

'ఆ మిషన్ మీద కూర్చుంది నేత్రా ఒక్కతే' అన్నాడా?

మరి సారుకు ఫోన్ చేసి చెప్పి ఉండొచ్చు కదా! ఎందుకు చెప్పలే? నేనే వచ్చి చెప్తాననా? నేను వస్తే లాప్‌టాప్ ఇమ్మన్నాడా? ఇచ్చి, ఏమీ అనొద్దన్నాడా?

తిట్టుంటే బాగుండు అక్కా. నువ్వన్నా తిట్టు.

లోపం లేదు. ఆ ఎడిటర్లో ఏ లోపమూ లేదు. అన్న మిషన్‌లో తెరిచిన వెంటనే అదే అడిగింది నన్ను. చిన్న పెట్టె మాదిరి వచ్చి, తెర చదివే గొంతు వాడతా ఉండారా, అవునా, కాదా అని. మిగతా వాళ్ళ మిషన్లల్లో ఎవరికీ అడగలే. అన్న గొంతు వాడతాడని దానికే తెలిసి అడిగింది, చూడు. మిషన్‌కుండే గ్యానం నాకు లేకపాయ.

'అవును' నొక్కినా ముందు. నొక్కితే తెర మారిపోయింది. లైన్లు వేరేగా మడతపడినాయి, నేను పెట్టిన కొన్ని సోకులు పోయినాయి. మిగతా వాళ్ళ మిషన్ల మాదిరి కనబడలే. సారు సోమవారం వచ్చి చూస్తాడు, అన్నీ ఒకే మాదిరి ఉండాలన్నాడు. ఇంగ దీన్ని సరిచేయాలంటే అన్నను కూర్చోబెట్టుకుని, గొంతు వింటా, ఒక్కొక్కటే చూడాల. సుగటూరు బస్సు పోతాది.

అందుకని 'కాదు' అని మార్చి పెట్టేసినా.

అన్న పక్కనే నిలబడి ఉండాడక్కా. బ్యాగు తగిలించుకుని, నేను లేస్తే తన సీట్లో కూర్చుందామని. 'గొంతు పెట్టి చూసినావా పాపా?' అన్నాడు. 'చూసినాన్నా, బాగుండాది' అన్నా. ఆయన మొగం చూసే చెప్పినా. నమ్మినాడు. 'సరే, బస్సుకు లేటవుతాది, నువ్వు పో' అన్నాడు.

మూర్తి సార్ అన్నను ఇంటికి పంపించినప్పుడు నోరు తెరిచి ఉంటే సరిపోయేది. రెండు మాటలు. అప్పుడూ తెరవలే. టీమ్ లీడ్ పోతాదని. మా యమ్మకు తెలుస్తాదని, ఆమె పాలు కాలవ పాలు చేసింది నేనేనని.

ఇంగోటుండాది. అదీ చెప్పేస్తా. నీకు తెలిసే ఉంటాదిలే, అయినా నా నోటితో చెప్తా.

రేపు బెంగళూరునుంచి సునీల్‌కుమార్ అనే ఆయన వస్తా ఉండాడు. ఏం జరిగిందని అన్ని మిషన్లూ విప్పి చూస్తాడంట. అన్న లాప్‌టాప్ కూడా తెప్పిస్తామన్నాడు సార్. అది విన్నప్పట్నుంచే నీకు ఫోన్ చేస్తా ఉండా. ఆయన చూసేలోపల ఆ 'కాదు' అని పెట్టిన లైను తీసేయాలని వచ్చినా. సాయం చేసేదానికి రాలేదక్కా. అన్న ఇంట్లో ఉండడని తెలిసే, ఆదివారం ఈ టైముకే వచ్చినా.

అంతే. ఇంగేం లేదు నా దగ్గర.

ఏమిది, నా ఫోన్ నాకెందుకిస్తావు? సారుకా? ఇప్పుడేనా? ఆదివారమక్కా, సారు వాళ్ళింట్లో ఏదో నామకరణం, చుట్టాలందరూ ఉంటారు...

అవును. బచ్చప్ప ముందరే కదా సారు అన్నను అన్నది. ఆఫీసంతా ఉండింది.

చేస్తా. నువ్వు ఇక్కడే ఉండక్కా. స్పీకర్ పెట్టల్నా? వద్దా? సరే.

హలో సార్. నేత్రావతి సార్. ఆ, తెలుసు సార్, ఫంక్షన్లో ఉండారని తెలుసు, ఒక్క నిమిషం. క్లెమెంటన్న విషయం సార్. కాదు సార్, ఆయన ఏమీ అడగలే. కొత్త ఎడిటర్లో లోపమని నేను చెప్పినాను కదా, అది అబద్ధం సార్. గొంతు పనిచేయకుండా ఆపి పెట్టింది నేనే. అన్న నన్ను అడిగినాడు కూడా, చూసినావా అని. చూడకుండానే చూసినానని చెప్పినా. పాలు విరిగింది నా వల్ల సార్. అన్న వల్ల కాదు.

లేదు సార్, తెలియక కాదు. తెలుసు.

ఇప్పుడు అన్న ఇంట్లోనే ఉండాను సార్. లేడు, బయటికి పోయినాడు. మిషన్ అన్నే సరిచేసుకున్నాడు. రేపట్నుంచి పని చేయొచ్చు సార్, మీరు పిలిస్తే. ఆయనకు మీరే ఫోన్ చేసి... బచ్చప్ప ముందర కూడా ఒక మాట... హలో? సార్?

పెట్టేసినాడు.

'ఫోన్ చేస్తా వాడికి' అన్నాడక్కా. అన్నకు చేస్తానన్నాడు. నన్ను రేపు రావొద్దన్నాడు. ఎప్పుడు రమ్మనేది చెప్పలే. చెప్తాడో లేదో.

పోనీలే. రానీ ఏమొస్తాదో. ఇంటికి పోయి మా యమ్మకు చెప్పేది ఇంగా ఉండాది. మూర్తి సార్‌కు చెప్పినంత సులువు కాదది. ఆమె కొట్టదు, తిట్టదు, సాయంత్రం పాలు పిండేటప్పుడు నా వైపు చూడదు. అదే కష్టం.

లాప్‌టాప్ మూసేస్తా. ఏమీ ముట్టుకోలేదక్కా, అన్న పెట్టుకున్నట్లే ఉండాది అంతా.

ఇవెందుకు? నీళ్ళా?

ఇచ్చినావు, చాలు. తాగుతా.

నేను వాకిట్లో నిలబడతాలే. లోపల కూర్చునే మొగం లేదు. అన్న వచ్చినాక... ఏం చెప్పాలో తెలీదు. బస్సు కూడా ఇప్పుడే ఒకటుండాది బంగారుపేటకు. నువ్వే చెప్పేస్తావా అక్కా, నేత్రా వచ్చింది, సారుకు చెప్పేసింది అని? ఆయన మొగం చూడాలంటే నాకు...

బండి శబ్దం. ఆంథోనీయేనా?

వచ్చేసినారు. అన్న వెనక కూర్చోనుండాడు, మటన్ కవరు పట్టుకుని. నవ్వతా ఉండాడు తమ్ముడితో ఏందో చెప్పి. ఆఫీసులో ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళాయ!

దిగతా ఉండాడు. ఇటే వస్తా ఉండాడు. నేను వాకిలికి అడ్డంగా ఉండాను, పక్కకు జరిగితే నన్ను దాటుకుని లోపలికి పోతాడు. నేనుండానని ఆయనకు తెలీదక్కా. ఊపిరి బిగబట్టుకుంటే చాలు, చెప్పులేసుకుని రోడ్డు మీదికి పోవచ్చు. ఆంథోనీ బండి స్టాండేసుకుంటా ఉండాడు, చూడలే.

నువ్వు నోరు తెరవొద్దక్కా. నేను వచ్చినానని చెప్పొద్దు. నీకు దండం పెడతా, చెప్పొద్దు.

నేనే చెప్తా.

అన్నా... నేనన్నా. నేత్రావతిని.